అబ్బ ఇంజన్‌కు పాత మోడల్ పిస్టన్ కావాలి

ఏడుపు తగ్గాక రాద్దామనుకున్నాను. కానీ శనివారం లారీ వస్తుంది. అందుకే ఇప్పుడే రాయాలి.

మా అబ్బ, అంటే మా నాయనను కన్న తండ్రి, నిన్న పొద్దున పోయాడు.

కడపలో కాలేజీ వర్క్‌షాప్‌లో ఉండగా నాయన ఫోన్ చేశాడు. "పాపా, అబ్బ లేయలేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "లేపు నాయనా" అన్నాను.

ఆ తర్వాత ఏం మాట్లాడామో గుర్తు లేదు.

వయసైపోయింది కదా అని అందరూ అంటున్నారు. మొన్న ఆదివారం నా పక్కన కూర్చుని స్పానర్లు అందించిన మనిషి. ఆ మాట నా తలకెక్కడం లేదు.

మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. ఆడపిల్లకు మెకానికల్ ఎందుకని అడిగిన వాళ్లందరికీ నా జవాబు అబ్బే.

1950లలో ఆయన కడపలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. కరెంటు లేని ఊళ్లలో బావుల నీళ్లు తోడేది ఆ ఇంజన్లే. అప్పుడే కొత్త మోడల్ వచ్చింది. పాత మోడల్ సామాను దొరకడం మానేసింది. కొత్తదాని భాగాలు పాతదానికి వేసి నడిపించేవాళ్లు.

కొన్ని కుదిరేవి. కొన్ని కుదిరినట్టు కనిపించేవి.

పక్క పల్లె రైతు ఒకాయన పిస్టన్ పగిలిన పాత ఇంజన్‌ను ఎద్దుల బండిలో తెచ్చాడు. అబ్బ కొత్త మోడల్ పిస్టన్ వేశాడు. నున్నగా లోపలికి జారింది. హ్యాండిల్ తిప్పాడు.

టంగ్!

కొత్త పిస్టన్ తల కొంచెం ఎత్తు. పైకి పోయి వాల్వ్‌ను వంచేసింది.

రైతు నెత్తి పట్టుకున్నాడట. "ఏమప్పా, పెండ్లి చేయమని తెస్తే కర్మ చేస్తివే!"

ఆ మధ్యాహ్నం అవ్వ, అంటే మా నాయనమ్మ, సంగటి తెచ్చింది. అబ్బ తినలేదు. చిన్న ముద్ద తీసి, నూనె రాసి, పిస్టన్ తల మీద పెట్టాడు. పైన ఇంజన్ మూత, అదే హెడ్, బిగించి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, మళ్లీ విప్పి చూశాడు. ముద్ద నలిగి ఎంత మందం మిగిలిందో, లోపల అంతే సందు.

అవ్వ ఊరుకుంటుందా? "మనుషులకే సంగటి సాలక సస్తాంటే, ఇనుముకు తినిపిస్తాండావా?"

ఆ తర్వాత ఎవరెంత నవ్వినా సరే, పాతదానికి కొత్తది వేస్తే ముందు ముద్ద పెట్టాల్సిందే. అది ఆయన నియమం.

షెడ్డు మానేసి ఆత్మకూరు దగ్గర మా ఊరికి వచ్చేటప్పుడు అబ్బ ఒక పాత మోడల్ ఇంజన్ తెచ్చుకున్నాడు. మోటార్లు వచ్చాక అది మూలన పడింది. ఈ మధ్య సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరం దాన్ని విప్పి బాగుచేస్తున్నాం.

పెదనాయన ముందే చెప్పేశాడు. "శనివారం లోపల ఆడితే ఉండనీ. లేకుంటే పాత ఇనుము లారీకి ఎక్కిస్తా."

దాని పిస్టన్ పగిలి ఉంది. పాతది దొరక్క, నేను కడపలో వెతికి కొత్త మోడల్ పిస్టన్ ఊరికి పట్టుకుపోయాను. ఆదివారం వేశాం. ముద్ద పెట్టాం. విప్పి చూస్తే వాల్వ్ కింద ముద్ద పూర్తిగా చిట్లిపోయి ఇనుము కనపడుతోంది.

"ఏం కాదులే పాపా, ఒక్కసారి తిప్పు. దాని సద్దు విని శానా ఏండ్లాయె" అన్నాడు అబ్బ.

"వద్దబ్బా. వాల్వ్‌కు తగుల్తాది."

"నేను సెప్తాండా కదా!"

"నువ్వు నేర్పిందే నేనూ సెప్తాండా."

మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి నవ్వాడు. "నా ముద్ద నాకే తినిపిస్తివి కదమ్మే."

ఆ సద్దు వినకుండానే పోయాడు.

తిప్పి ఉండాల్సిందా అని నిన్నటి నుంచి నన్ను నేను వందసార్లు అడిగాను. లేదు. తిప్పి ఉంటే ఆయన వినేది ఇంజన్ విరిగే చప్పుడు.

హెడ్ కింద వేసే గ్యాస్కెట్ మందం పెంచమని ఫ్రెండ్స్ అంటున్నారు. అలా చేస్తే లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి, అదే కంప్రెషన్, పడిపోతుంది, స్టార్ట్ కాదు. పాత మోడల్ పిస్టనే కావాలి.

ఫోటోలో ఎడమవైపుది మా పగిలిన పాత పిస్టన్. కుడివైపుది కొత్తది. పిన్ను రంధ్రం నుంచి తల వరకు ఎత్తు చూడండి, తేడా తెలుస్తుంది.

పోయిరా అబ్బా. నీ ఆత్మ చల్లగా ఉండాలి. ఇక్కడి పని నాకు వదిలెయ్.

కడప, కర్నూలు వైపు మీ షెడ్లలో, చేన్లలో ఎడమవైపు లాంటిది ఉంటే కామెంట్ పెట్టండి. నేనే బస్సెక్కి వస్తాను. శుక్రవారం సాయంత్రం లోపల చెప్పండి. లేకపోతే లేదనైనా చెప్పండి, ఇంకో చోట వెతుక్కుంటాను.