కడ్డీలు చచ్చిపోయినయ్ మేడమ్!

నిన్న నేను చేసిన పనికి ల్యాబ్‌ల ఇంకా నవ్వుతనే ఉన్నరు. చాయ్ తాగుకుంట వినుండ్రి.

పొద్దున అల్ తుమామా బస్తీల మా ఇంట్ల సోఫా మీద కూర్చున్న. కటక్! నా కళ్ళజోడు. అది లేకపోతే నాకు ఎదురుంగ నిలబడ్డ మనిషి కూడ మబ్బు లెక్కనే. కారుల పవర్ ఉన్న కూలింగ్ గ్లాసెస్ ఉండె. అవే పెట్టుకుని డ్యూటీకి పోయిన.

నేను క్వాంటం డాట్స్ చేసే ల్యాబ్‌ల టెక్నీషియన్‌ని. డాట్స్ అంటే కంటికి ఆనని గింజలు. పదార్థం ఒక్కటే, సైజు మారితే రంగు మారుతది. చిన్న గింజల ఎలక్ట్రాన్‌కు ఇరుకు ఎక్కువ, అందుకే ఎనర్జీ ఎక్కువ. నీలంగనో పచ్చగనో వెలుగుతది. గింజ పెద్దదైతే ఎరుపు.

పదకొండు గంటలకు విజిటర్స్ వస్తున్నరు. మా బాస్ సుమతి మేడమ్‌ది కాకినాడ. "రాజేందర్, డాట్స్ పలకలు ఒకసారి చెక్ చెయ్యి" అన్నది.

లైట్లు ఆర్పి, యూవీ ల్యాంప్ వేసిన. గుండ్రటి డాట్స్ పూసిన గాజుపలక వెలిగింది. అబ్బ! ఎంత పచ్చగ, ఎంత మెత్తగ! సముద్రం అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టు అనిపించింది. అట్లనే మైమరిచి ఎంతసేపు చూసిన్నో నాకే తెల్వది.

రెండో పలక కడ్డీలది. అదే పదార్థం, కానీ గింజలు పొడుగ్గ, అగ్గిపుల్లల లెక్క, అన్నీ ఒకే దిక్కుకు పడుకుని ఉంటయి. మూడు వారాల కష్టం. ల్యాంప్ కింద పెట్టిన.

చీకటి!

"మేడమ్! కడ్డీలు చచ్చిపోయినయ్!"

ఆమె ఉరికొచ్చింది. "అదేంటి, నిన్న బానే ఉన్నాయిగా?"

"నాదే తప్పు మేడమ్. డబ్బా మూత సరిగ్గ పెట్టలె. గాలి తగిలింది. ఇంకోటి... పోయిన నెల పెద్ద ఫ్లాస్క్ దానంతట అది పగల్లే. నేనే పగలగొట్టిన."

మేడమ్ పలక చేతిలకు తీసుకుంది. "దీపంలా వెలుగుతోంది కదయ్యా!"

నాకైతే బొగ్గే. ఆమె పలకను అడ్డం నుంచి నిలువుకు తిప్పింది. భగ్గున వెలిగింది! మళ్ళ తిప్పింది. ఆరింది. నాకు కల వస్తున్నదా ఏంది?

మేడమ్ నా ముఖంలకు చూసింది. "చీకటి గదిలో నల్లద్దాలేంటి రాజేందర్?"

తీసిన. రెండు పలకలూ పచ్చని మబ్బుల లెక్క మెరుస్తున్నయ్.

"గుండ్రటివి ఎటు తిప్పినా ఒకటే. కడ్డీల వెలుగు కడ్డీ పొడవు వెంటే ఊగుతుంది. నీ పోలరైజ్డ్ అద్దాలు అడ్డంగా ఊగే వెలుగుని ఆపేస్తాయి. అంతే. ఫ్లాస్క్ సంగతి తర్వాత మాట్లాడదాం."

సచ్చిన అనుకున్న. కానీ ఆమె కళ్ళు మెరిసినయ్. "ఇంతకన్నా మంచి డెమో ఎక్కడ దొరుకుద్ది? ఆ అద్దాలిలా ఇవ్వు!"

విజిటర్స్ వచ్చిన్రు. ఒకరి తర్వాత ఒకరు నా గ్లాసెస్ పెట్టుకుని, పలక తిప్పి, "వావ్!" అంటున్నరు. నేనేమో చూపు లేక మూలకు నిలబడ్డ. అంతట్ల తలుపు పక్కన, అరబ్బులు వేసుకునే పొడుగాటి తెల్లటి తోబ్ వేసుకున్న పెద్దమనిషి ఒక్కడే నిలబడ్డట్టు కనిపించిండు. పాపం, ఎవరూ పలకరిస్తలేరు. నేనే పోయి, గుండె మీద చెయ్యి పెట్టి, "అస్సలాము అలైకుం సార్, వెల్‌కమ్" అన్న. పెద్దోళ్ళు తొందరగ మాట్లాడరు కదా అని, వినయంగ నవ్వుకుంట రెండు నిమిషాలు నిలబడ్డ.

వెనుక నుంచి మేడమ్ మెల్లగ అన్నది: "రాజేందర్... అది నా ల్యాబ్ కోటు."