పిన్ని కోయించిన సైకిలు

నా చిన్నప్పుడు, అంటే పదేళ్ల వయసులో, నేను మా పిన్నిని చూసి నవ్వాను. అది జరిగి అరవై ఏళ్లు దాటినా ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

మాది ఉప్పాడ. బాబాయి సముద్రం మీద చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన సైకిలు మిగిలింది. దాని క్యారియర్ మీద చేపల గంప కట్టుకుని పిన్ని చుట్టుపక్కల ఊళ్లు తిరిగేది. అది మగవాళ్ల సైకిలు. సీటు నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా బారు. చీర గోచీ పెట్టి, కాలు ఎత్తి ఆ బారు దాటాలి. ఆమె సైకిలెక్కే వేళకి టీకొట్టు బెంచీలు సరిగ్గా నిండిపోయేవి. వాళ్ల చూపులు ఎక్కడుండేవో ఆ వయసులో నాకూ తెలుసు.

చివరికి పిన్ని సైకిలుని వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లి, బారు తీసి కిందికి దించమంది. అతను బారు కోసేసి, కింద ఒక సన్నటి గొట్టం అతికించి పంపేశాడు. మూడో రోజు, సరిగ్గా టీకొట్టు ముందే, బరువుకి ఫ్రేము పెడల్ దగ్గర వంగిపోయింది. పిన్ని బోర్లా పడింది. కవళ్ల చేపలన్నీ బురదలో పడ్డాయి. గంపలోని నీసు నీళ్లు ఆమె ముఖం మీద కారాయి.

"మగాడి బండికి చీర కడితే ఇంతేగా!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బెంచీ మీద నా పక్కనే మా నాన్న టీ తాగుతున్నాడు. తల దించుకుని గ్లాసులోకే చూశాడు తప్ప లేవలేదు. కాసేపటికి నేను సాయానికి లేవబోతే చెయ్యి పట్టుకుని, "ఉండరా, స్కూలు చొక్కా పాడవుద్ది" అన్నాడు. నీసుతోనే బతికే ఇల్లు మాది. అయినా మళ్లీ కూర్చుండిపోయాను. ఆ మాట వినో, నా నవ్వుకి సిగ్గుపడో ఇప్పటికీ చెప్పలేను.

పిన్ని ఒక్కొక్క చేపా ఏరుకుని, ఎవరి వంకా చూడకుండా, వంగిన సైకిలు నడిపించుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి మా ఉమ్మడి ఇంట్లో అందరికీ ఎప్పటిలాగే అన్నం పెట్టింది. నాన్న తిన్నాడు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మళ్లీ వెల్డింగ్ షాపుకి వెళ్లింది. బొగ్గుతో గచ్చు మీద బొమ్మ గీసింది.

"బారు తియ్యమంటే వెన్నెముకే తీసేశారండి. ఇదిగో, రెండు గొట్టాలు, పక్కపక్కన, కిందికి ఏటవాలుగా వెయ్యండి. ముందు చక్రం బెత్తెడు ముందుకి జరపండి. బరువుంటే హ్యాండిల్ వణుకుతోంది."

"ఇవన్నీ మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం కదా" అన్నాడతను.

"తొక్కేది నేనండి" అంది పిన్ని.

గొట్టం పట్టుకోమని నాకు చెప్పింది. వేడికి చేతులు చురుక్కుమంటున్నా వదల్లేదు. అప్పుడు, నా వైపు తిరగకుండానే, "నువ్వూ నవ్వావురా. చూశాను" అంది. తిట్టలేదు, కొట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

రెండు రోజుల తర్వాత టీకొట్టు ముందే సైకిలు ఆపింది. అందరూ చూస్తుండగా దిగింది, మళ్లీ ఎక్కింది. చీర కుచ్చెళ్లు చెదరలేదు. ఆ రోజు 'మగాడి బండికి చీర' అని నవ్వించినవాడే, "కవళ్లు ఎలా ఇస్తున్నావమ్మా?" అని అడిగాడు.

"మీకు అమ్మనండి" అని తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

నాన్న మీద కోపం ఆయన పోయాక కొంత తగ్గింది. నా మీద అసహ్యం తగ్గలేదు, తగ్గాలని కోరుకోవడమూ మానేశాను. మొన్న బజారులో ఒకావిడ కూరగాయల బస్తాతో స్కూటీ మీంచి పడింది. చుట్టూ చేరినవాళ్లు ఫోన్లు తీశారు, ఒకరిద్దరు నవ్వారు. నాకు మోకాళ్లు వంగవు. అయినా రోడ్డు మీద చతికిలబడి వంకాయలు ఏరాను. లేవడానికి ఆవిడే చెయ్యిచ్చింది.