మిక్సరుకు చిల్లు

నాటకశాలలో మైకులు చూసుకునే మామయ్య, టంకం పెట్టిన ప్రతిచోటా పసిపాప కంట్లో నలుసు తీస్తున్నట్టు మెల్లగా ఊదుతాడు. వేదిక కింది గదిలో దుస్తులు ఇస్త్రీ చేసే తన భార్యకు నాటకం వినపడదని, మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సరు విప్పి, వెనక చిల్లు పెట్టి, అదనంగా ఓ తీగ లాగి, ఆమె బల్లమీద చిన్న స్పీకరు పెట్టాడు. "బంగారంలాంటి మిక్సరుకు చిల్లు పెడతావా?" అని యజమాని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మామయ్య చెవి గోక్కుని మిక్సరు మూత బిగించాడు.

ఓ సాయంత్రం రాజు వేషగాడు మాట మరిచిపోయి నోరు వెళ్ళబెట్టాడు. హాలంతా నిశ్శబ్దం. "క్షమించానని చెప్పవయ్యా!" అంటూ వేదిక కింది నుంచి అత్తయ్య కేక వినిపించింది. రాజు క్షమించాడు, చప్పట్లు మోగిపోయాయి. ఆట అయ్యాక యజమాని వచ్చి, "ఆవిడకో మైకు పెట్టు. ఆ మాట వేదిక మీదికే వెళ్ళాలి, హాల్లో వినపడకూడదు" అన్నాడు.

మామయ్య అప్పటికే డ్రిల్లు చేతికి తీసుకున్నాడు. "అయితే ఇంకో చిల్లు పెట్టాలండీ."