బడి గట్టెక్కాలని గుండ్లు

చాయ్ తాగేటోళ్ళు గ్లాసు జర కింద పెట్టుండ్రి. నేను చెప్పేది వింటూ మీద పోసుకుంటే నా జిమ్మేదారి కాదు. మొన్న సోమవారం నేను చేసిన ఘనకార్యానికి మా ఊరి బడికి తాళం పడేదాకా వచ్చింది. బడి సంగతేమోగానీ, ఈ వయసుల నా బతుకే ఆగమైంది!

మాది చండ్రుగొండ దాటి అడవిలకు పోతే వచ్చే ఊరు. బడి చిన్నది. ఐదు తరగతులకు కలిపి ఒక్కతే టీచరమ్మ, పేరు రజిత. మా మనవరాలు వెన్నెల అండ్లనే మూడో తరగతి. ఆ బడికి పెద్ద రోగం ఒకటి పట్టుకున్నది. దాని పేరు ఎరుపు.

ఇప్పుడు సర్కారు బళ్ళన్నీ ఫోన్లకు ఎక్కినయ్ కదా! ఏ బడికి పిల్లలు రోజూ వస్తున్నరు, వచ్చినోళ్ళకు చదువుడు వస్తుందా లేదా, అంతా పైన ఆఫీసుల తెర మీద కనపడతదట. బాగుంటే పచ్చ, నడిమిట్ల ఉంటే పసుపు, ఆగమైతే ఎరుపు. మా బడి ఎంత ఎరుపంటే, ఆ తెర చూసినోళ్ళందరికీ కండ్లకలక వచ్చి దవాఖానల చేరిన్రు!

ఎరుపు ఊకనే రాలె. మిరపకాయ ఏరే దినాలల్ల పిల్లలు తల్లుల ఎంబడి చేన్లకు, ఎండలు ముదిరితే ఇప్పపువ్వుకు అడవికి. బడిల బల్లలే పాఠం వినేటియి. రజిత టీచరమ్మ వచ్చినంక ఆ తీరు మారింది. పొద్దున ఫోన్ల ఎవరి పేరు పక్కన ఎర్రచుక్క పడితే, సాయంత్రానికి ఆమె స్కూటీ ఆ ఇంటి ముందట ఉండేది. ఒకనాడు చేనుకే వచ్చి, "పిల్లను బడికి పంపుండ్రి, కాయలు నేను ఏరిపెడత" అని కొంగు బిగించింది. బస్త నిండా ఏరింది, నా కళ్ళారా చూసిన. సరే, బస్త కాదు, గంప. సరే, దోసెడు. కానీ ఏరింది!

అట్ల పిల్లలు బడికి మర్లిన్రు. చదువుడూ వచ్చింది. కానీ తెర మీద పాత లెక్కల ఎరుపు మాత్రం పోలె. సోమవారం మండలం నుంచి సారు వచ్చి హాజరు, చదువుడు రెండూ చూస్తనన్నడు. అదే ఆఖరి మోకా. అప్పటికీ ఎరుపే ఉంటే మా బడిని వాగవతలి బడిల కలిపేస్తరు, టీచరమ్మకు మెమో. వానాకాలం ఆ వాగు సముద్రానికి అక్క! దాని మీదికెళ్ళి వెన్నెల ఎట్ల పోతది? పోదు. ఇంట్ల కూసుంటది. ఆ తర్వాత మిరప చేను. నాకు కంటి మీద కునుకు లేకపాయె.

శనివారం టీచరమ్మ ఖమ్మం పోతా పోతా నాకు ఒక్కటే పని చెప్పింది.

"అవ్వా, సోమవారం ఒక్క పిల్ల కూడా తప్పొద్దు. గడప గడపకు తిరిగి తోలుకొచ్చుడు నీ పని. గంతే చాలు."

ఆమెకు చాలు. నాకు చాలుతదా?

ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడిన. పిల్లలు, వాళ్ళ తల్లులు, అందరం భద్రాచలం పోయినం. గోదావరిల మునిగినం. బడి గట్టెక్కాలని రామయ్యకు మొక్కు! తల్లులల్ల ఒకామె నసిగింది.

"ఆడపిల్లలకు మూడు కత్తెర్లిప్పిద్దాం అవ్వా, చాలదా?"

"మూడు కత్తెర్లిస్తే మూడు మార్కులే ఇస్తడు రామయ్య! నిండుగ ఇయ్యాలె, నిండుగ రావాలె" అన్న.

అందరికీ గుండ్లే. వెన్నెల ఏడ్చింది. "ఏడువకు బిడ్డా, నేను కూడా ఇస్త" అని దాని ముందల కూసోని నేనూ గీయించుకున్న. తిరిగొస్తుంటే మా గుండ్ల మెరుపుకు అడవిల నెమళ్ళు వానొస్తదనుకోని పురి విప్పినయ్!

సోమవారం పొద్దున పిల్లలందరికీ గుండ్ల నిండా గంధం పూసి, బడి ముందట వరుసకు నిలబెట్టిన. ఒక్క పిల్ల తప్పితే ఒట్టు. టీచరమ్మ స్కూటీ ఆపింది. హెల్మెట్ తీసింది. ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"ఎవరి పిల్లలు వీళ్ళు? మన పిల్లలేరి?"

"టీచర్, నేను వెన్నెల!"

ఆమె మెట్టు మీద కూలబడ్డది.

"అవ్వా... ఏం జేసినవ్ అవ్వా?"

"మొక్కు తీర్చిన. ఇగ నీ బడికి ఢోకా లేదు."

"యాప్ మొహం చూసి హాజరేస్తది అవ్వా! దాంట్ల ఉన్న ఫోటోలల్ల అందరికీ జుట్టున్నది!"

నా కాళ్ళ కింద భూమి చండ్రుగొండ దాకా జారింది. టీచరమ్మ ఒక్కొక్కరి ముందల ఫోన్ పెట్టింది. "సరిపోలలేదు" అంటది ఫోన్. ఇంకొకరు. "సరిపోలలేదు." గంధం కడిగించి మళ్ళ పెట్టింది. "సరిపోలలేదు." నెత్తి మీద జుట్టు లేకపోతే మనిషే కాదా? దానికి కళ్ళు లేవా?

"చేత్తో రాసుకునేది లేదా బిడ్డా?"

"లేదు. పదిన్నరకు హాజరు బంద్ అయితది. సున్నా పడితే మెమో దానంతటదే వస్తది. ఎవరూ పంపేది లేదు, ఎవరికీ చెప్పుకునేది లేదు."

గడియారం చూస్తే పది కావొస్తున్నది. అప్పుడు నా బుర్రకు ఇంకో ఆలోచన వచ్చింది. రాకపోయినా బాగుండు! మధ్యాహ్న భోజనం వండే గిన్నె అడుగున మసి ఉంటది కదా. జుట్టు నల్లగుంటది, మసి నల్లగుంటది. టీచరమ్మ లోపల ఎవరికో ఫోన్ చేస్తున్నది. నేను పిల్లలను వంటరూముకు తోలుకపోయి, నూనెల మసి కలిపి అందరి గుండ్లకు రాసిన. మగపిల్లలకు పాపిడి కూడా దీసిన! ఎండకు నూనె కరిగింది. మసి నొసటి మీదికి, నొసటి నుంచి ముక్కు మీదికి...

సరిగ్గా అప్పుడే జీపొచ్చి ఆగింది. సారు దిగిండు. చూసిండు.

"ఏందమ్మా ఇది? బడికొచ్చిన్నా, బొగ్గు బావికొచ్చిన్నా?"

టీచరమ్మ ఉరికొచ్చింది. పిల్లలను చూసి నెత్తి పట్టుకున్నది. నేనే ముందలికి పోయి ఉన్నదున్నట్టు చెప్పిన. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలె, మీరు నమ్మాలె. సారు తన ఫోన్ చూసుకున్నడు. మా బడి పక్కన సున్నా.

"కొత్త ఫోటోలు ఎక్కించే అధికారం నాకున్నది" అన్నడు. మాకు ప్రాణం లేచొచ్చింది. "కానీ వీళ్ళు ఈ బడి పిల్లలే అని నేనెట్ల నమ్మాలె? తనిఖీ ఉందంటే పక్కూరి పిల్లలను తెచ్చి కూసోబెట్టినోళ్ళను చూసిన. అందరికీ గుండ్లు, అందరికీ మసి. ఎవరు ఎవరో మీరే చెప్పలేరు!"

"సార్, చదివించి చూడుండ్రి" అన్నది టీచరమ్మ. తల వంచలె. "ఈ పిల్లలకు ఏ పాఠం దాకా వచ్చో, ఎవరికి ఏది రాదో నేను ముందే చెప్త. తప్పైతే మీరేం రాసినా సరే."

సారు గడియారం చూసిండు, కుర్చీ లాక్కున్నడు.

ఒక్కొక్కరినే పిలుస్తున్నడు. టీచరమ్మ చెప్పినట్టే, చదివేటోళ్ళు చదువుతున్నరు, ఒత్తుల కాడ ఆగేటోళ్ళు ఆగుతున్నరు. నా గుండె చప్పుడుకు కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నయ్. చివరికి వెన్నెల.

"ఈ పాపకు నిరుడు అక్షరాలు కూడా రావు సార్" అన్నది టీచరమ్మ. "ఇప్పుడు పాఠం చదువుతది. మెల్లగ."

వెన్నెల పుస్తకం పట్టుకున్నది. ఒక లైను, రెండు లైన్లు. మూడో లైన్ల ఆగిపోయింది. పెదాలు కదులుతున్నయ్, మాట వస్తలేదు. మసి కారి పేజీ మీద బొట్టు పడ్డది. మాట అందియ్యబోయి నేను నోరు తెరిచిన. టీచరమ్మ చూసిన చూపుకు మూసుకున్న. సారు పెన్ను మూత తీసిండు.

"ప్ర... యా... ణి... కు... లు. ప్రయాణికులు!" అని అరిచింది పిల్ల. వాగవతల దాకా వినపడ్డది! ఆ తర్వాత ఆగలె. పాఠం అయిపోయినంక ఎనక పేజీ కూడా చదువుతనంటే సారే ఆపిండు.

"మొహాలు కడగండి. జల్దీ!"

బోరింగు కాడ నేను రుద్దుతున్న, సంగతి తెలిసి ఉరికొచ్చిన తల్లులు నీళ్ళు పోస్తున్నరు, సారు ఫోటోలు ఎక్కిస్తున్నడు. సిగ్నల్ ఒక గీత ఉంటది, ఒక గీత పోతది. అందరిదీ అయింది, వెన్నెల మిగిలింది. అది సంతోషానికి ఒక్క కాడ నిలబడతలేదు. నేను దాని ఎనకాల కూసోని గదుమ పట్టుకున్న.

"అటిటు కదలొద్దు బిడ్డా, గిట్ల చూడు, నా లెక్క" అని తల ముందలికి పెట్టిన.

క్లిక్! "నమోదైంది" అన్నది ఫోన్. సారు హాజరు కాడ వేలు పెట్టిండు. పదిన్నర కొట్టకముందే పంపిండు. నిండు హాజరు! బడి ఎరుపు నుంచి పసుపుకు ఎక్కింది. వాగవతలికి పోవుడు తప్పింది. టీచరమ్మ నన్ను కావలించుకోని ఏడ్చింది. ఆ కన్నీళ్ళకు బోరింగు గుంత నిండింది.

కథ అక్కడ ఆగితే ఎంత బాగుండు!

తెల్లారి పొద్దున వెన్నెల ముందల ఫోన్ పెడితే "సరిపోలలేదు." మళ్ళ పెడితే మళ్ళ గదే మాట. ఏమైందోనని నేను ఫోన్లకు తొంగిచూసిన. టింగుమన్నది. "వెన్నెల, మూడో తరగతి, హాజరు."

అవ్! ఆనాడు ఎక్కింది దాని మొహం కాదు, నాది! సారుకు ఫోన్ చేస్తే నవ్వీ నవ్వీ చెప్పిండు. ఒక పిల్ల ఫోటో ఆయన ఒక్కసారే మార్చొచ్చట, మళ్ళ తియ్యాలంటే హైదరాబాదు నుంచే తియ్యాలెనట. అర్జీ పంపిండట. అందాక పిల్ల బడికొచ్చిన రోజున నేను కూడా పోయి మొహం చూపించాలె.

సరే, పోతున్న. పోయినంక ఊకె కూసుంటనా? బల్ల మీద కూసోని ఎక్కాలు చెప్తున్న. నిన్న మోకాళ్ళ నొప్పులకు దవాఖానకు పోయిన. వెన్నెల బడిల బంగారం లెక్క కూసోని చదువుకుంటున్నది. కానీ మా కోడలు నాగమణి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: మీ పాప ఈరోజు బడికి రాలేదు. ఎర్రచుక్క!

నేను ఇంట్ల అడుగు పెట్టంగనే కోడలు నడుం మీద చెయ్యి పెట్టుకోని నిలబడ్డది.

"ఏందత్తా, బడి ఎగ్గొట్టి ఎటు పోయినవ్?"

రేపు బడిల తల్లిదండ్రుల మీటింగు. టీచరమ్మ నా మీద చెప్పేటియి వినడానికి నా కోడలు పోతున్నది.