మొన్న పూడ్చిన పగుళ్లు

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే అలవాటుంది. పిల్లిని చూసొచ్చి పులి అంటాను. కాబట్టి సౌదీలో ఈ అల్ ఖోబర్ చలికాలం గురించి నేను రాసిందాంట్లో సగం కొట్టేయండి. మిగతా సగం చాలు మీ చొక్కా తడవడానికి.

ఎడారి దేశంలో తడేమిటని మా బావమరిది ఫోనులో నవ్వాడు. వాడికేం తెలుసు! జనవరిలో సముద్రం లేచి, అజీజియా వీధులన్నీ షికారు చేసి, తెల్లారేసరికి మా కాంపౌండు గోడలకు ఆనుకుని పడుకుంటుంది. చెయ్యి ఆనిస్తే వేళ్ల సందుల్లోంచి కాలవలు పారతాయి. ఒకరోజు గోడమీద చేప కూడా కనబడింది. సరే, బల్లే.

ఆ కాంపౌండు మెయింటెనెన్సంతా నా చేతుల్లో ఉందని నా ఐడీ కార్డులో రాసుంది. పెయింటరు ఒక్కడే, నిజామాబాద్ వైపు భాయ్, నాకంటే నాలుగేళ్లు పెద్ద. మూడేళ్లుగా ఇంటి మొహం చూడలేదు. ఉత్తరపు గోడ బాగా వస్తే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఇప్పిస్తానని మా ముదీర్ మాటిచ్చాడు. ఇక్కడ మేనేజర్ని అలాగే అంటాం. ఆయన సరే అనందే మనిషి సెలవుకు దేశం దాటలేడు.

చలికాలంలో రంగు వేయడానికి గోడ మనకు వేళలిస్తుంది. పదకొండుకు ముందు ఆరదు. మూడు దాటాక వేస్తే, ఆ రంగు ఆరేలోపు మంచు దిగుతుంది. నడుమ నమాజూ భోజనమూ పోగా మిగిలిన కాస్త వేళలో భాయ్ రోలరు ఎంత జోరుగా తిప్పేవాడంటే, ఆ గాలికి పక్క బిల్డింగులో బట్టలు ఆరిపోయేవి.

పని మొదలెట్టే ముందు, పిట్టగోడ పగుళ్లు పూడ్చారా అని అడిగాను. పైనుంచి నీరు దిగితే కింద ఎన్ని పూతలు వేసినా దండగే.

"మొన్ననే నింపిన సాబ్," అన్నాడు.

మొన్న అంటే మా కాకినాడ వైపు నిన్నటికి ముందురోజు, అంతే. చెక్‌లిస్టులో టిక్కు పెట్టేశాను. నిచ్చెనెక్కి చూడాల్సింది. మోకాళ్లు ఒప్పుకోలేదు.

గోడ పెళ్లికొడుకులా తయారైంది. ముదీర్ రెండుసార్లు తమామ్ అన్నాడు, అంటే భేషని. భాయ్ కొత్త సూట్‌కేసు కొనుక్కున్నాడు. తర్వాత ఒక చిన్న వాన, నాలుగు రోజుల పొగమంచు. ఐదోరోజు ఎండ తగలగానే గోడంతా బొబ్బలెక్కింది. వేలితో గుచ్చితే నీళ్లు చిమ్మాయి. పెచ్చులు అప్పడాల్లా విరిగి రాలుతుంటే అరచేతులతో అదిమిపట్టాను. రెండు చేతులూ చాలక మోకాలు కూడా ఆనించాను. మోకాలి కింద ఇంకా రాలుతూనే ఉన్నాయి.

చివరికి పైకెక్కి చూస్తే, పగుళ్లలో నింపిన మందే ఎండి బీటలు తీసి ఉంది.

"భాయ్, మొన్న అంటే ఎప్పుడు?"

"మొన్ననే సాబ్. కరోనా పోయినంక, ఆ ఎండకాలంల."

ఆయన అబద్ధమాడలేదు. వాళ్ల వైపు మొన్నలో పదేళ్లయినా హాయిగా సర్దుకుంటాయి. ఇద్దరం తెలుగులో మాట్లాడుకోవడమే కొంప ముంచింది. వచ్చీరాని అరబీలో అయితే వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టి చూపించుకునేవాళ్లం.

ముదీర్ వచ్చి గోడ చూసి, తప్పెవరిదని అడిగాడు. నేను ఒకడుగు ముందుకేసి, నాదే, చూడకుండా టిక్కు పెట్టింది నేనే అన్నాను. ఆయన తలూపాడు గానీ, గోడంతా గీకి మళ్లీ రంగేశాకే సెలవన్నాడు. గీకిన గోడ ఆరడానికి ఎండ కావాలి. ఎండ నా కార్డులో లేదు.

"ఇల్లు ఏడికి పోతది సాబ్," అని భాయ్ స్క్రేపరు అందుకున్నాడు.

కల్పించిందేదో ఒప్పుకోవాలి కదా. మంచునూ అప్పడాలనూ పెంచానే గానీ పుట్టించలేదు. పుట్టించింది నేను ముందుకేశానన్న ఆ ఒక్క అడుగు. ముదీర్ అడిగినప్పుడు నేను అరచేతికంటిన రంగు ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడ్డాను. నాదే అన్నది భాయ్.