పెద్దక్క జాబితాకు పట్టిన తెగులు

రక్తనిధిలో పెద్దక్క అంటే అందరికీ హడల్. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. చేతులు కడుక్కోకుండా గుమ్మం దాటితే డాక్టరునైనా వెనక్కి పంపేది. అలాంటి మనిషి చేతుల మీదుగానే రోగం పాకిందంటే ఎవరు నమ్ముతారు చెప్పండి!

అరుదైన గ్రూపుల రక్తదాతల ఫోన్ నంబర్లు, తొమ్మిదేళ్ళు ఒక్కొక్కరినీ బతిమాలి పోగేసిన జాబితా, ఆవిడ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పొద్దున చూస్తే కొన్ని ఫైళ్ళు పిచ్చిగీతల్లా మారిపోయి ఉన్నాయి. జాబితా ఒక్కటీ బాగానే కనబడింది. కంప్యూటర్లు బాగుచేసే అతనికి గబగబా ఫోన్ చేసింది.

"వార్మ్ అయ్యుంటుందక్కా. అది వైరు పట్టుకుని తనంతట తనే పక్క కంప్యూటర్లోకి పోతుంది. ముందు వైర్లు పీకెయ్యండి, మధ్యాహ్నం వస్తా," అన్నాడతను.

పీకేసింది. హమ్మయ్య అనుకుంది. ఇక జాబితాను కాపాడుకోవాలి కదా! పెన్‌డ్రైవ్‌ను స్పిరిట్‌తో తుడిచి మరీ (నవ్వకండి), జాబితాను అందులోకి ఎక్కించింది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని పరీక్షల గది కంప్యూటర్లోనూ, స్టోరులో దాంట్లోనూ దింపింది. సరిగ్గా వచ్చిందో లేదోనని రెండుచోట్లా తెరిచి చూసుకుంది కూడా.

అతను వచ్చేసరికి మూడూ మంచం పట్టాయి. మూడింట్లోనూ జాబితా పిచ్చిగీతలే.

"వైర్లు పీకేశాను కదయ్యా! ఎగిరొచ్చిందా ఏంటి?"

"పొద్దున నేను పొరబడ్డానక్కా. ఇది వార్మ్ కాదు, వైరస్. తనంతట తను కదల్లేదు. ఏదో ఫైలుకు అంటుకుని ఉంటుంది. ఎవరో దాన్ని మోసుకెళ్ళి తెరవాలి."

"ఏ ఫైలుకు?"

"మీ జాబితాకే. బాగానే కనబడిందంటే రోగం ఇంకా బయటపడలేదంతే."

"ఎవరు మోశారు?"

అతను బల్ల మీదున్న పెన్‌డ్రైవ్‌ కేసి చూశాడు.

పెద్దక్క బుర్ర గిర్రున తిరిగింది. పొద్దునేమో దానంతటదే పోతుందన్నాడు, ఇప్పుడేమో మోస్తేనే పోతుందంటున్నాడు. అయితే తను కాపాడిందా, ముంచిందా? తలా తోకా తెలియలేదు. ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చేసింది.

అంతలో ప్రసూతి వార్డు నుంచి ఫోన్. ఓ నెగెటివ్ కావాలి, గంటలోపల.

తెర మీద గీతలే. పెద్దక్క ఫోన్ తీసింది. ఏ నంబరు నొక్కుతోందో తనకే తెలియడం లేదు, తొమ్మిదేళ్ళ అలవాటుకు వేళ్ళే పోతున్నాయంతే. రాంగ్ నంబరని ఎవరో విసుక్కున్నారు. చివర ఒకటా, ఏడా? మళ్ళీ నొక్కింది.

"చెప్పండి పెద్దక్కా, బయల్దేరనా?"

ఆవిడ మళ్ళీ ఏడ్చేసింది.

"వస్తున్నా, వస్తున్నా, ఏడవకండి," అన్నాడు అవతలి మనిషి.