మొప్ప ఎత్తిన చెయ్యి

టోక్యోలోని ఆ పేరుమోసిన చేపల బజారుకి వెళ్లింది ముగ్గురం. మా సేఠ్‌జీ, ఆయన భార్య భాభీజీ, నేను. వాళ్లిద్దరూ పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టినవాళ్లు కాదు. నేనూ అంతేనని ఏళ్ల తరబడి నమ్ముతున్నవాళ్లు.

సేఠ్‌జీకి రాయ్‌పూర్ బయట, ధర్సీవా వైపు, ఇనుము పోతపోసే కార్ఖానా ఉంది. అందులో యంత్రాల బాగోగులు చూసే ఇంజనీరుని నేను. కొత్త యంత్రం బేరం కోసం జపాన్ వెళ్లాల్సివస్తే నన్ను వెంటబెట్టుకున్నారు. భాభీజీ ఊరు చూడడానికి వచ్చారు. బేరం అనుకున్నదానికంటే ముందే తెమిలింది, ఒక పొద్దుటిపూట ఖాళీ దొరికింది. సుకిజీ బజారు చూడకపోతే టోక్యో చూసినట్టే కాదట అని భాభీజీ ఫోన్లో వీడియోలు తీసి చూపించారు. సేఠ్‌జీ మొహం చిట్లించి, అక్కడ మనకేం పని అన్నారు.

"జూకి వెళ్తాం. పులిని తినడానికి వెళ్తామా ఏంటి?" అన్నారు భాభీజీ హిందీలో.

ఆయన బూట్లు వేసుకున్నారు. నిజానికి ఆ మాట వినగానే నాకు లోపల పండగలా అయింది, పైకి మాత్రం సేఠ్‌జీ చిట్లించినంతా నేనూ చిట్లించాను.

నేను పెరిగింది రాయ్‌పూర్ డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీలో. నాన్న అక్కడి వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరు. మా లైనులో సగం ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లవే. సముద్రం మా దగ్గర లేకపోయినా విశాఖ నుంచి వచ్చే రైలు ఉంది. అందులో ఐసుతో కలిపి గోనెల్లో కుక్కిన చేపలు దిగేవి. కాలనీ బజారుకి చేరేసరికి వాటి వయసెంతో అమ్మేవాడికి తప్ప దేవుడికి కూడా తెలిసేది కాదు. అందుకే మా ఆడవాళ్లు ఎవరి మాటా నమ్మేవారు కాదు. బుట్ట ముందు గొంతుక్కూర్చుని, బొటనవేలితో మొప్ప ఎత్తి, లోపల ఎరుపు చూసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు బేరం మొదలుపెట్టేవారు.

"మొకం సూసి మోసపోకు, మొప్ప ఎత్తి సూడు," అని అమ్మ నా వేలు పట్టి మరీ నేర్పింది. సైకిలు తొక్కడం కంటే ముందు వచ్చిన విద్య నాకది.

నాన్న రిటైరయ్యాక క్వార్టరు వదిలేశాం. ఆ మరుసటేడే ఆయన పోయారు. అద్దె ఇంటి కోసం రాయ్‌పూర్‌లో తిరుగుతుంటే గేటు దగ్గరే అడిగేవారు, మీరు వెజ్జేనా అని. ఆంధ్రా పేరు వినగానే ముక్కు చిట్లించి మరీ అడిగేవారు. కార్ఖానాలో చేరిన కొత్తలో మధ్యాహ్నం డబ్బాలు విప్పేటప్పుడు సేఠ్‌జీ, "మీరు అవన్నీ తీసుకోరు కదా?" అన్నారు. నేను నవ్వి, లేదండీ అన్నాను. అంతే, చాలా తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. తర్వాత ఊళ్లోనే పండరీ దగ్గర తమ బంగళా వెనక ఖాళీగా ఉన్న చిన్న ఇల్లు మాకు ఇస్తామన్నారు. అద్దె నామమాత్రం, షరతు ఒక్కటే. ఆ షరతేమిటో మీకు చెప్పక్కర్లేదు.

ఇల్లు చూడడానికి అమ్మని తీసుకెళ్లాను. ముందుగదిలో నేనూ సేఠ్‌జీ మాట్లాడుకుంటుంటే భాభీజీ అమ్మని పెరట్లోకి తీసుకెళ్లారు. తిరిగి స్కూటరు మీద వస్తున్నంతసేపూ అమ్మ మాట్లాడలేదు. కాలనీ పక్కనే అప్పటికి తలదాచుకున్న మా గది మలుపు తిరిగాక, "బాగుందిరా ఇల్లు. గాలొస్తాది," అంది. చేపలు మానెయ్యాలమ్మా అన్నాను నసుగుతూ.

"ఆ ఆదత్ నాకెప్పుడో పోనాదిరా," అంది.

ముందురోజే కవ్వళ్ల చేపల పులుసు మారు వడ్డించుకుని తిన్న మనిషి. అయినా నేను ఆ మాటని పట్టుకుని వేలాడాను, ఎందుకంటే అది నాకు అనుకూలంగా ఉంది. నా భార్య పుట్టింట్లో ఎవరూ తినరు కాబట్టి ఆమెకి ఏ ఇబ్బందీ లేదు. నేను డ్యూటీ మీద ఊళ్లు తిరిగినప్పుడు హోటళ్లలో తినేవాణ్ణి. విశాఖలో మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు మరీ తినేవాణ్ణి. అక్కడ ఎవరికి భయపడాలి? అమ్మ మాత్రం అక్కడ కూడా కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేది, అరగడం లేదురా అనేది. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను. ఆమె వంతు ముక్క నా కంచంలోకే వచ్చేది.

సరే, బజారు. ఇరుకు సందులు, నెత్తిన పందిళ్లలా రంగు గుడ్డలు, అడుగడుక్కీ తోపులాట. పెంకుల్లోనే ఉడుకుతున్న ఆల్చిప్పలు, కాళ్లు కట్టేసిన పీతలు, దుంగల్లా కోసి పెట్టిన ఎర్రటి పెద్ద చేపల ముక్కలు. భాభీజీ ప్రతిదాని ముందూ "అరె బాప్‌రే" అనడం, ఫొటో తీసి ఇంటివాళ్ల గ్రూపులో పెట్టడం. సేఠ్‌జీ రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేనూ తీశాను. తీరా చూస్తే అక్కడ వాసనే లేదు. నేల కడిగి తుడిచినట్టుంది, చేపల మీద ఐసు తెల్లగా మెరుస్తోంది. వాసన లేనిచోట ముక్కు మూసుకుని నడుస్తున్న మమ్మల్ని చూసి అక్కడివాళ్లు ఏమనుకున్నారో.

ఎండు చేపలమ్మే దుకాణం ముందుకి వచ్చేసరికి నా రుమాలు పని చేయడం మానేసింది. ఆ వాసన అచ్చంగా మా కాలనీలో వానాకాలం ఎండు నెత్తళ్లు వేయించినప్పటిది. నోరూరింది. ఆకలేస్తోందా అని భాభీజీ అడిగారు. రొట్టెలు ఉన్నాయి కదండీ అన్నాను.

ఆ పక్క కొట్లోనే కనబడ్డాయి కానాగంత చేపలు. అన్నీ ఒకే వైపుకి తలలు పెట్టి, వీపు మీద నీలిగీతలతో, వరసగా ఐసు మీద పడుకుని ఉన్నాయి. మా వైపు వాటికంటే కాస్త బలంగా ఉన్నాయి గానీ అవే. ముందు అట్టముక్క మీద చెయ్యి బొమ్మ వేసి దాని మీద ఎర్రగా అడ్డగీత గీశారు. నేను చూశాను. ముట్టుకోకూడదని అర్థమైంది కూడా.

అయినా నా చెయ్యి వెళ్లిపోయింది. నేను పంపించలేదు. బొటనవేలు మొప్ప కింద దూరింది, ఎత్తింది. లోపల ముద్దమందారంలాంటి ఎరుపు. అంతటి ఎరుపు రాయ్‌పూర్‌లో నేనెప్పుడూ చూడలేదు.

దుకాణంలోని ముసలాయన గట్టిగా ఏదో అరిచాడు. చుట్టూ ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి. నేను చెయ్యి లాక్కుని వంగి దణ్ణం పెట్టాను, మళ్లీ పెట్టాను. ఆ చేపని నేనే కొంటానని సైగ చేశాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, దాన్ని వరసలోంచి తీసి వెనక తొట్టెలో పడేశాడు, గుడ్డతో ఆ చోటు తుడిచాడు. నేను ముట్టుకున్న చేప మిగతావాటితో ఉండడానికి పనికిరాకుండా పోయింది. తల కొట్టేసినట్టయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కొత్తగా చూశాను, కుతూహలం కొద్దీ ముట్టుకున్నాను అని ఏదో సర్దిచెప్పుకునేవాణ్ణి. కానీ అంత సిగ్గులో కూడా నా వేలు ముక్కు దగ్గరికి పోయింది. వాసన చూశాను. పక్కకి తిరిగేసరికి భాభీజీ ఫోను దించి నన్నే చూస్తున్నారు. చేప ఎరగనివాడు మొప్ప ఎత్తి వేలు వాసన చూడడు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. నా గుట్టు నా వేలే రట్టు చేసింది.

అంతా చూసిన సేఠ్‌జీ ముందుకి నడిచారు. ఇల్లు పోయినట్టే అనుకున్నాను. ఈ వయసులో అమ్మని మళ్లీ గేటు గేటుకీ తిప్పాలి, మళ్లీ ఆ ప్రశ్న వినాలి. సందు చివరి దాకా వెళ్లాక ఆయన వెనక్కి తిరగకుండానే అడిగారు.

"తాజీ థీ క్యా?"

"హా జీ," అన్నాను. తాజాగానే ఉందని ఒప్పుకున్నాక ఇక దాచడానికేముంది? ఆయన నవ్వారో లేదో వెనక నుంచి తెలియలేదు. టీ తెస్తానని సందు మూలనున్న టీ మిషను వైపు వెళ్లారు.

నేనూ భాభీజీ ఒక బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ సంచిలోంచి కరకరలాడే ఎండు రొట్టెల ఖాఖ్రా పొట్లం తీసి నా ముందు పెట్టారు. కోపంగా లేరు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"మీ అమ్మగారు కూడా తినేవారా?" అన్నారు.

ఇప్పుడు తినడం లేదండీ అన్నాను.

"ఇప్పటి సంగతి కాదు. మా ఇల్లు చూడడానికి వచ్చిన రోజు సంగతి అడుగుతున్నాను."

నేను తల వంచుకున్నాను. అప్పుడు చెప్పారావిడ. ఆ రోజు పెరట్లో అమ్మని నిలబెట్టి అడిగారట, ఆంధ్రావాళ్లు చేపలు తింటారని విన్నాను, మీరు నిజంగా తినరా అని. అమ్మ గబగబా వెళ్లి తులసికోట మీద చెయ్యి వేసి, మా ఇంట్లో ఎవరూ ముట్టరమ్మా, తులసమ్మ సాక్షి అందట. వచ్చీరాని హిందీలో రెండుసార్లు అందట.

"ఇల్లు ఎవరూ ఖాళీ చేయమనరు, దాని గురించి కంగారు పడకండి," అన్నారు భాభీజీ. "కానీ ఇంత చిన్న సంగతికి, పెద్దావిడ చేత నా తులసి మీద ఒట్టు పెట్టించారా?"

నేను పెట్టించలేదు, నాకు తెలియదు అనబోయాను. అది నిజమే. ఆ నిజం చెప్పడానికి కూడా ముఖం చెల్లలేదు. విశాఖలో కంచం మీద అడ్డం పెట్టిన అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. అరుగుదల కాదు, వయసూ కాదు. నేను ఆడిన అబద్ధానికి ఆమె ఒట్టు వేసింది. వేసినందుకు మానేసింది. నేనేమో ఆమె ముందే కూర్చుని, ఆమె ముక్క కూడా తిన్నాను. జపాన్ దాకా వెళ్లి, పరాయి ఆడమనిషి చెబితే తెలుసుకున్నాను మా అమ్మ ఏం చేసిందో. ఖాఖ్రా ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాను.

రాయ్‌పూర్ ఇంటికి వచ్చేసరికి అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని లాల్ భాజీ ఆకుకూర ఏరుతోంది. పెట్టె దించి ఆమె పక్కనే కూలబడ్డాను.

"తులసి మీద ఒట్టేశావటమ్మా," అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఎవులు సెప్పినారు?"

"భాభీజీ."

"ఇల్లు ఖాళీ సెయ్యమన్నారేటి?"

లేదన్నాను. జరిగిందంతా చెప్పాను. వాళ్లకి ఎలాగూ తెలిసిపోయింది కాబట్టి ఇక దాపరికం లేదన్నాను. ఇక్కడ వద్దులే, కాలనీలో పాత పక్కింటివాళ్ల దగ్గర వండించుకుందాం, ఈ ఆదివారమే వెళ్దాం, నీకు కానాగంతల పులుసు పెట్టిస్తాను అన్నాను. బతిమాలినట్టుగానే అన్నాను.

"అదెలాగవుద్దిరా? నాను సెప్పింది ఆవిడకా? తులసమ్మకి సెప్పినాను. సెప్పినప్పుడు అబద్దం. మానీసినాక నిజమయిపోనాది. ఇప్పుడు తినీసి మల్లీ దాన్ని అబద్దం సెయ్యమంటావేటి?"

ఆమె మళ్లీ ఆకు ఏరడంలో పడింది. ఏరుతూనే అడిగింది.

"అది సర్లే. ఆ బజార్లో మొప్పలెలాగున్నాయి?"

మందారంలా ఉన్నాయమ్మా, నువ్వు చూసి ఉండాల్సింది అన్నాను. ఆమె మొహం విప్పారింది. కన్ను ఉబ్బుగా ఉందా, ఒళ్లు గట్టిగా ఉందా, నీసు వాసనేమైనా ఉందా అని ఒక్కొక్కటీ అడిగింది. అన్నీ చెప్పాను. చివరికి కాస్త ముందుకి వంగి, బంగళా వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"మరి తిన్నావా?"

"లేదమ్మా. వాళ్లతో కూర్చుని ఖాఖ్రా తిన్నాను."

అమ్మ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. నా వైపు చూసిన చూపులో అంతవరకూ లేని కోపం కనబడింది.

"అంత దూరమెల్లి, అలాటి సేపని సేత్తో పట్టుకొని, రొట్టి తినొచ్చినావా? సిగ్గు లేదేట్రా నీకు?"

"ఉందమ్మా," అన్నాను.